నూట పదిహేడో ఫారం

సుర్లా రోడ్డు స్టేషను పక్క రేకుల షెడ్డులో
నూట నలభై బళ్ళు.
సీట్ల మీద రాత్రి మంచు ఇంకా ఆరలేదు.
బెహరా దుర్యోధన టోకెన్లు పంచుతాడు,
సగం ఒడియాలో సగం తెలుగులో తిడతాడు,
ఒకదాన్లో ఒకటి ఇరుక్కున్న హ్యాండిళ్ళని విడదీస్తాడు
పోట్లాటలో చిక్కుపడ్డ మేకల కొమ్ముల్లాగ.

నా చేతిలో అట్ట, అట్ట మీద ఫారం.
ఫారానికి పన్నెండు రూపాయలు నాకు.
"బరంపురం దాకా బండి మీదే పోవచ్చు కదండీ,
ఇక్కడెందుకు వదిలేస్తున్నారు?"
అని అడగడం నా ఉద్యోగం.

పెట్రోలు, అంటాడు ఒకడు.
గొళంత్రా దగ్గర లారీలు, ఇంకొకడు.
నడుం నొప్పి. హెల్మెట్టు కింద జుట్టు రాలిపోతోంది.
పట్టుచీరల కొట్లో పద్దులు రాసే పోలింకి వైకుంఠం మాత్రం
కాసేపు ఆలోచించి
"రైలు లేటైతే నా తప్పు కాదు కదా" అన్నాడు.
దానికి గడి లేదు.
'ఇతరములు' అని రాశాను.

రాత్రి గదిలో కంప్యూటరు ముందు
అందర్నీ నిమిషాలుగా, రూపాయలుగా విడగొడతాను.
ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ఒక్క నిమిషం
కదిలే బండిలో రెండున్నర నిమిషాలతో సమానమట.
స్కూటరు దిగి రైలెక్కే విసుక్కి విడిగా పద్దు.
చివర్న తేలుతుంది:
వైకుంఠం, సున్నా పాయింట్ ఆరు రెండు.
అంటే మనిషిలో అరవై రెండు పాళ్ళు
కిటికీ పక్కన కునుకు తీస్తుంటే
మిగతా ముప్పై ఎనిమిది పాళ్ళు
హైవే మీద హారను కొడుతూ పోతుంటాయి.
సాయంత్రం ఏ టోకెను చూపించి మళ్ళీ ఒక్కడవుతాడో
దుర్యోధనని అడగాలి.

చోడిపల్లి దాలెమ్మ చేపల తట్ట దించి
తనే వచ్చి నా ముందు కూచుంది.
"నన్నడగవేటి బాబూ?"
బండి ఉందా అమ్మా? లేదు.
బండి లేనివాళ్ళకి ఎంపిక లేదు,
ఎంపిక లేనివాళ్ళు లెక్కలోకి రారు.
ఆ మాట ఆవిడకి ఎలా చెప్పాలో తెలీక
పేరు, ఊరు, తట్ట బరువు రాసుకున్నాను.
"ఏ రైలుకి ఎల్లాలో సెప్తాదేటి నీ కాయితం?"
రైలొచ్చింది. తట్ట ఎత్తమంది. ఎత్తాను.

నూట పదిహేడు, నీలవేణి.
గొళంత్రా పెట్రోలు బంకులో మా సుశాంత రాయించిన ఫారం.
బరంపురం తెలుగు బడి, రెండో తరగతి, తొమ్మిది మంది పిల్లలు.
అక్టోబరు దాకా: స్కూటీ స్టాండులో, అక్కణ్ణించి రైలు.
నవంబరు నుంచి: మొత్తం రోడ్డు.
కారణం: ఖాళీ.
నవంబర్లోనే లీటరుకి రెండు రూపాయలు తగ్గింది.
మోడలు ఆమెని చక్కగా పట్టుకుంది.
మా సారు సంతోషించారు.

ఏడాదిన్నర నేనూ ఆ పెట్టెలోనే వెళ్ళేవాణ్ణి.
ఎదురు సీట్లో నోటుబుక్కులు దిద్దుతూ
పిల్లల తప్పులు పైకి చదివేది.
'ఏనుగుకు నాలుగు కాలువలు' అని రాశాడొకడు.
ఆ రోజు గొళంత్రా ఎప్పుడు దాటిందో ఇద్దరికీ తెలీదు.
ఎర్ర పెన్ను అయిపోతే నాది ఇచ్చాను.
తనివ్వలేదు. నేనడగలేదు.
నవంబరు ఒకటిన ఈ పని దొరికింది,
నెలంతా ఛత్రపురం స్టేషన్లో వేశారు.
చెప్పి వెళ్ళాలని తోచలేదు.

మా సమీకరణం చివర ఎప్సిలాన్ అని ఒక అక్షరం,
కొలవనివన్నీ పడేసే గోనెసంచి.
దాని సగటు సున్నా అనుకోమంటారు.
అనుకున్నాను.

మర్నాడు స్టాండులో మూడో స్తంభం పక్కన
సరిగ్గా స్కూటీ పట్టేంత జాగా.
కిక్కిరిసిన షెడ్డులో అదొక్కటే ఖాళీ.
ఎందుకు వదిలేశావని అడిగితే
దుర్యోధన పైకి చూపించాడు:
రేకుకి కన్నం, మంచు కారుతుందట.

అదీ కారణమే.
రాసుకున్నాను.